అరువిచ్చిన చెయ్యి

మధ్యాహ్నం రెండు దాటాక మా చెరకు దీవి ఊరు సిలాయ్‌లో పెద్ద ఇళ్ళ ఆడవాళ్ళకి ఆకలి వెయ్యదు, నోరూరుతుంది. ఈ రెంటికీ తేడా తెలియనివాళ్ళు మా ఊళ్ళో తిండి అమ్మి బతకలేరు. తిన్న అన్నం ఇంకా అరిగి ఉండదు. అయినా వరండాలో మాజాంగ్ బల్ల చుట్టూ నలుగురు చేరి బిళ్ళలు గలగలమని కలపడం మొదలుపెట్టారంటే చేతికందేలా ఏదో ఒకటి ఉండాల్సిందే. సరిగ్గా ఆ వేళకి రొసెండా నెత్తిమీద వెదురు తట్టతో వీధి మలుపు తిరిగేది.

రొసెండాకి అప్పుడు నలభై ఆరేళ్ళు. మొగుడు చెరకు లారీ తోలేవాడు, పోయి పదేళ్ళయింది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, ఒక అత్తగారు. నెత్తిమీద చుట్టకుదురు, దాని మీద తట్ట, తట్టలో అరిటాకు, ఆకు కింద వంద లుంపియాలు. ఇరవై రెండేళ్ళుగా అదే నడక. మిగతా తట్టలవాళ్ళు వీధి పొడుగునా అరుచుకుంటూ పోయేవాళ్ళు. ఈమె అరిచేది కాదు. మన సరుకేమిటో ఊరికి తెలియనప్పుడు కదా గొంతు చించుకోవడం, అనేది. మనిషికి కాస్త టెక్కు ఉంది. ఉండక ఏం చేస్తుంది, ఆమె మోసేవి అంపారో ఇంటి లుంపియాలు మరి.

ఊళ్ళో లుంపియాలు పదిమంది చేస్తారు. అంపారోవి వేరు. వేలెడు పొడుగు, బొటనవేలంత లావు. పైనున్న రేకు ఎంత పలచనంటే లోపలి రొయ్య ఎర్రదనం బయటికి కనిపిస్తుంది. లోపల సన్నగా తరిగి వేయించిన కొబ్బరి మొవ్వు, రొయ్యలు, కాస్త పందిమాంసం, వెల్లుల్లి. ఒక చివర ఉల్లికాడ తోకలా బయటికి తొంగిచూస్తూ ఉంటుంది. సోయాలో చక్కెర వేసి కాచిన చిక్కటి పులుసుని మిగతా ఊళ్ళల్లో పైన పోస్తారు. మావాళ్ళు లోపలే రాసి చుడతారు. మాజాంగ్ ఆడే మనిషికి ఒక చెయ్యి బిళ్ళల మీద ఉండాలి, రెండో చెయ్యి లుంపియాకి. వేళ్ళు తుడుచుకునే తీరిక ఎవరికుంది? అందుకని ఒక్క చుక్క కూడా కారకూడదు.

కొబ్బరి మొవ్వు కావాలంటే చెట్టు కొట్టాలి. చెట్టుకి ఒక్కటే మొవ్వు. గాలివానకి కూలిన చెట్టో, ఇల్లు కట్టుకోవడానికి అడ్డమొచ్చిన చెట్టో దొరికిన రోజున పొద్దున్నే తెచ్చి నీళ్ళలో వెయ్యాలి, సాయంత్రానికి చెల్లిపోవాలి. "ఒక చెట్టు ప్రాణం లోపల పెట్టి పైన గోనెపట్టా చుడతామా?" అనేది అంపారో. ఆమె గర్వమంతా ఆ రేకులోనే ఉంది.

ఊరంతా తియా అని, అంటే పిన్నీ అని పిలిచే అంపారోకి డెబ్భై మూడేళ్ళు. గుడి వెనక పాత చెక్క ఇల్లు. వాళ్ళ తాతని ఇంట్లో ఆంకోంగ్ అనేవాళ్ళు. ఆయన చైనాలోని అమోయ్ రేవు నుంచి బట్టల మూటతో ఓడ దిగి, ఇక్కడి పిల్లని చూసి మనసు పారేసుకుని, ఆమె కోసం జ్ఞానస్నానం చేయించుకుని హోసే అయ్యాడు. పేరు మారింది గానీ అలవాట్లు మారలేదు. బాల ఏసు ముందు కొవ్వొత్తి, అదే గోడ పలక మీద పూర్వీకుల ముందు అగరొత్తులు. ఆ అలవాటు అంపారో కాలానికీ సాగింది. తాత భాషలో ఆమెకి మహా అయితే పదిహేను మాటలొచ్చు, అవన్నీ తినేవాటి పేర్లే.

ఇంటి వంటగదికి రెండు భాగాలు. బయటి భాగంలో రొసెండా మొవ్వు తరిగేది, రొయ్యలు ఒలిచేది, మాంసం వేయించేది, చివరికి లుంపియాలు చుట్టేది. లోపలి భాగానికి పూలపూల తెర వేలాడుతూ ఉండేది. రేకు తయారయ్యేది ఆ తెర వెనక. రొసెండా వచ్చేసరికే రేకులు తడిగుడ్డ కింద దొంతరగా ఉండేవి. ఎప్పుడైనా తక్కువైతే అంపారో లోపలికి వెళ్ళేది, పెనం మీద పిండి తగిలిన చప్పుడు చప్ చప్‌మని వినిపించేది. అంతే. ఇరవై రెండేళ్ళలో రొసెండా ఆ చప్పుడు వినడమే గానీ ఆ పని ఒక్కసారైనా చూసింది లేదు.

అది ఆంకోంగ్ పెట్టిన కట్టడి. రేకు చెయ్యడం కోడళ్ళకి నేర్పచ్చు, కూతుళ్ళకి కూడదు, పరాయివాళ్ళకి అసలే కూడదు. కూతురు పెళ్ళయి పోతూ విద్యని మూటగట్టుకు పోతుందని ఆయన భయం. మనవరాలు అంపారోకి ఆ విద్య ఎలా అబ్బిందో తరవాత చెబుతాను. అంపారోకి కూతుళ్ళు లేరు. ఒక్కడే కొడుకు, ఎలిసేయో. వయసు యాభై రెండు. పందెం కోళ్ళ మీద అతనికున్న ప్రేమ చూసి ఏ ఆడదీ ఆ ఇంటి గడప తొక్కలేదు. కోడలు రాలేదు కాబట్టి రేకు విద్య అంపారో కుడిచేతి దగ్గరే ఆగిపోయింది.

జూన్ నెలలో ఒకరోజు పొద్దున్న ఆ కుడిచెయ్యి పడిపోయింది. పక్షవాతం. కాలు వారంలో స్వాధీనంలోకి వచ్చింది, నోటికి ఏమీ కాలేదు. నోటికి ఏమీ కాలేదన్న సంగతి ఆస్పత్రిలో నర్సులకి మొదటిరోజే తెలిసిపోయింది. చెయ్యి మాత్రం తడిబట్టలా ఒళ్ళో పడి ఉండేది. రోజూ గుడ్డ ఉండని పిడికిట్లో పట్టుకుని నొక్కమన్నాడు డాక్టరు. ఎన్నాళ్ళకి వస్తుందో, వస్తుందో రాదో ఆయన చెప్పలేదు.

ఎలిసేయో మంచివాడే. వ్యాపారం ఆగకూడదని బజారునుంచి మిషన్‌లో చేసిన రేకులు కట్టలు కట్టలు తెచ్చి రొసెండా ముందు పెట్టాడు. ముట్టుకోగానే రొసెండాకి తెలిసిపోయింది, ఇవి మందం, ఎండితే విరుగుతాయి అని. అయినా చుట్టింది. ఇంట్లో మూడు నోళ్ళున్నాయి, చుట్టక ఏం చేస్తుంది? కానీ ఆ పని చేసినందుకు తన్ను తాను చాలా రోజులు క్షమించుకోలేకపోయింది.

వారం తిరక్కుండానే ఉపద్రవం వచ్చింది. పెద్దింటి దొరసాని దోన్యా సలూద్‌గారి వరండాలో ఆట రసపట్టులో ఉంది. ఆమె చేతిలో లుంపియా నడుం దగ్గర చిట్లి, పులుసు బొట్టు బిళ్ళల వరస మీద పడింది. ఎవరూ చూడలేదు. చక్కెర పులుసు కదా, రెండు బిళ్ళలు అతుక్కుపోయాయి. సలూద్‌గారి వదిన పిలార్‌గారు చెయ్యి చాచి ఒక బిళ్ళ తీసుకున్నాననుకుని రెండు తీసుకుంది. కాసేపటికి గెలిచానని బిళ్ళలు పరిచింది. లెక్కపెడితే ఒకటి ఎక్కువ. మాజాంగ్ బల్ల దగ్గర బిళ్ళ ఎక్కువ రావడం కన్నా పెద్ద నేరం మా ఊళ్ళో లేదు. పదిహేనేళ్ళుగా నువ్విలాగే గెలుస్తున్నావన్నమాట, అంది సలూద్. పిలార్ గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆదివారం గుడిలో వదినా మరదళ్ళు చెరో మూల కూర్చున్నారు. ఊరంతా ప్రార్థన మానేసి వాళ్ళనే చూసింది.

ఆ మర్నాడు సలూద్‌గారింటి వంటమనిషి గేటు దగ్గరే రొసెండాని ఆపేసి, అమ్మగారు చిట్లే లుంపియాలు వద్దన్నారని చెప్పింది. బిళ్ళలకి అంటిన పులుసు జిగురు తనే కడిగానని కూడా అంది. నెల తిరిగేసరికి తొమ్మిది ఇళ్ళలో అయిదు పోయాయి. తట్ట సగం నిండుగానే తిరిగొచ్చేది. ఇంకో నెల ఇలాగే సాగితే తట్ట దించేసి ఎవరింట్లోనో బట్టలుతకాలి. పనికి ఆమె భయపడే మనిషి కాదు. కానీ ఇరవై రెండేళ్ళు తల ఎత్తుకుని నడిచిన వీధిలోనే తల దించుకుని నడవాలన్న ఊహకే ప్రాణం ఉసూరుమనేది. ఆ ఒక్క రేకు దక్కితే తప్ప బతుకు నిలబడదని ఆమెకి స్పష్టంగా తెలుసు. అది తెర వెనక ఉంది.

ఊరు ఊరుకుంటుందా? చేపలమ్మే మనిషి మొదలుపెట్టింది. కోడలికే కదా నేర్పేది, ఆ కోళ్ళ పెద్దమనిషిని కట్టుకో, రేకు దానంతటదే వస్తుంది అని. నవ్వులాట కాస్తా నాలుగు రోజుల్లో సలహా అయిపోయింది. ఆఖరికి సొంత అత్తగారు కూడా ఓ రోజు అన్నం తింటూ, నా కొడుకు పోయి పదేళ్ళయింది, నేనేమీ అనుకోను, అని నసిగింది. రొసెండా కంచం దగ్గర్నుంచి లేచిపోయింది. వంట చేసే చెయ్యి కావాలంటే ముందు పక్క పంచుకోవాలా అని రెండు రోజులు రగిలిపోయింది.

ఎలిసేయో అంతకన్నా హడలిపోయాడు. బావి దగ్గర ఆమెని ఆపి చేతులు జోడించాడు.

"సెండా, నీకు పుణ్యముంటుంది. అమ్మ ఏమైనా అడిగితే ఒప్పుకోకు. నా కోళ్ళకి ఆడవాళ్ళంటే పడదు."

"నాకు మీ కోళ్ళంటే పడదు, తోతో ఎలిసేయో. బెంగపెట్టుకోకండి," అంది రొసెండా. యాభై దాటినా ఆ ఇంటి అబ్బాయి ఊరికి తోతోనే, అంటే చిన్నబాబే. అతను నిజంగానే తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. అది చూసి ఆమెకి కాస్త ఒళ్ళు మండింది కూడా.

ఇక దాచిపెట్టుకుని లాభం లేదనుకుని ఆ మధ్యాహ్నమే ఆమె అంపారో మంచం దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు అడిగేసింది. నాకు రేకు నేర్పండి, తియా. మీ పేరు మీదే అమ్ముతాను, మీ వంటింట్లోనే చేస్తాను, అంది.

అంపారో పలక మీదున్న తాత ఫోటో వంక చూసింది. తరవాత తన సంగతి చెప్పింది. తల్లి చిన్నప్పుడే పోయింది. తాతకి వేరే కోడలు లేదు. విద్య తనతోనే పోతుందని బెంగపడి పద్నాలుగేళ్ళ అంపారోకి నేర్పాడు, ఒక షరతు మీద. పెళ్ళయినా ఇల్లు కదలకూడదు, మొగుడే ఇల్లరికం రావాలి. ఇరవయ్యేళ్ళప్పుడు ఎదుటి దీవిలోని ఇలోయిలో నుంచి ఒక బడిపంతులు ఆమె కోసం ప్రతి శనివారం ఓడ ఎక్కి వచ్చేవాడు. ఇల్లరికం మాట ఎత్తగానే రావడం మానేశాడు. తరవాత వచ్చిన మొగుడు ఇల్లరికానికి ఒప్పుకున్నవాడు, అంతకుమించి అతని గురించి ఆమె ఏమీ చెప్పలేదు.

"ఆ రేకు కోసం నేను ఏం పోగొట్టుకున్నానో నీకు తెలీదే ఇండాయ్, తెలీదే పిల్లా. నీకు ఊరికే ఎలా ఇచ్చెయ్యమంటావ్? ఆంకోంగ్‌కి నేను మాటిచ్చాను."

రొసెండా లేచి వెళ్ళలేదు. తల వంచుకుని మీరు చెప్పింది నిజమే అనేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

అంపారోకి ఊరికే ఉండటం చేతకాదు. జాలిపడిపోతున్నామని తోచగానే ఎదురుదాడికి దిగింది. అసలు మా తాత ఓడ దిగకముందు మీరేం చుట్టుకు తిన్నారు, అని ఎద్దేవా చేసింది. రొసెండా కూడా తగ్గలేదు. మీ తాత ఓడ దిగకముందు కొబ్బరి మొవ్వు రుచి చూశాడా, అంది.

"నోరు చూడు! మీ పిల్ల పుట్టినరోజుకి పన్సిత్ నూడుల్స్ తెగకుండా పొడుగ్గా వండుతావ్. మీ అత్తకి జ్వరమొస్తే బీరకాయేసి మీసువా సేమ్యా కాస్తావ్. అవన్నీ ఎవరు తెచ్చారే?"

"మీవాళ్ళే తెచ్చారు తియా, కాదన్నానా? కానీ మా అమ్మమ్మకి పన్సిత్ నేర్పినావిడ, నువ్వు నాకు కోడలివా అని అడగలేదు. అడిగుంటే ఇవాళ ఈ ఊళ్ళో ఏ పిల్లకీ పుట్టినరోజుండేది కాదు."

అంపారో ముఖం గోడవైపు తిప్పేసుకుంది. ఆవిడ వెనక్కి తగ్గడం రొసెండా చూడటం అదే మొదటిసారి. చూసి సంతోషించలేదు, భయపడింది. వెళ్ళొస్తానని చెప్పి తట్ట తీసుకుని బయటపడింది. అంత మాట అనేశాక ఆ నాలుగిళ్ళు కూడా పోయినట్టేనని దారంతా తనని తాను తిట్టుకుంది.

మూడో రోజు పొద్దున్నే ఎలిసేయో రొసెండా ఇంటికి వచ్చాడు. అమ్మ పిలుస్తోందని చెప్పి, పెళ్ళి గురించి కాదు, నేను కనుక్కున్నాను, అని కూడా చేర్చాడు.

రొసెండా వెళ్ళేసరికి పూలతెర పక్కకి కట్టి ఉంది. లోపల పొయ్యి మీద నల్లటి మందపాటి ఇనప పెనం. పక్కన గిన్నెలో పిండి. కుర్చీలో అంపారో, చచ్చుబడిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

"ముందే చెప్తున్నాను, విను. నేను నీకు నేర్పడం లేదు. నేర్పనని మాటిచ్చాను, ఆ మాట మీదే ఉంటాను. నాకు కుడిచెయ్యి లేదు గనక నీది అరువు తీసుకుంటున్నాను. ఇక్కడున్నంతసేపు అది నా చెయ్యి. పని చేసేది నేను. తెలిసిందా?"

రొసెండాకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తెలిసింది తియా అని కుడిచెయ్యి చాచింది. అంపారో తన ఎడంచేత్తో ఆ మణికట్టు పట్టుకుని, నీళ్ళలో ముంచి, పిండి గిన్నెలో పెట్టింది.

ఆ పిండి పిండి కాదు, అదో మొండిఘటం. మైదా, ఉప్పు, నీళ్ళు, అంతే. కానీ ఎవరైనా ఇంత పలచగా కలిపితే పొరపాటున నీళ్ళెక్కువయ్యాయనుకుని పారబోస్తారు. దాన్ని పిడికిట్లోకి తీసుకుని ఆపకుండా ఆడిస్తూ ఉండాలి. ఆడిస్తున్నంతసేపు ముద్దగా ఉంటుంది. ఒక్క క్షణం ఆపితే వేళ్ళ సందుల్లోంచి జారి కిందికి కారిపోతుంది. ఆ ముద్దని వేడి పెనానికి ఇలా తాకించి అలా లాగెయ్యాలి. తాకినంత మేర సన్నటి పొర అంటుకుంటుంది, అంచులు లేవగానే వేళ్ళతో ఒలిచెయ్యాలి. చెప్పడానికి ఇంతే.

మొదటిరోజు పిండి రొసెండా మోచేతి దాకా పాకింది. గౌను మీద, గోడ మీద, ఎలిసేయో కోడిపుంజు మీద కూడా పడింది. పెనం మీద మాత్రం పడలేదు. అంపారో నిజంగానే రొసెండాని ఒక్క మాట అనలేదు. అన్నీ ఆ చేతినే అంది. ఏమే, ఎందుకలా కొయ్యలా బిగుసుకుపోయావ్, యాభై తొమ్మిదేళ్ళు నా ఉప్పు తిని ఇదా నువ్వు చేసేది, అని ఆ చేతికే శాపనార్థాలు. ఇరుగుపొరుగు కిటికీల్లోంచి విని, ముసలావిడకి మతిపోయిందనుకున్నారు.

"తియా, అది మీ చెయ్యే కదా, మరీ అంత తిట్టకండి. మీకే తగులుతుంది," అంది రొసెండా.

"నా చేతిని నా ఇష్టమొచ్చినట్టు తిట్టుకుంటాను. మధ్యలో నువ్వెవరు?"

రెండో వారానికి పెనం మీద పొర అంటుకుంది, అయితే నిండా చిల్లులు. ఏది తప్పో చెప్పడానికి మాటలు చాలకపోతే అంపారో రొసెండా మణికట్టు కింద తన ఎడంచెయ్యి ఆనించి, తన ఒంట్లో ఉన్న ఆ ఊపుని ఆమె చేతిలోకి తోసేది. పెనానికి తగిలేటప్పుడు ఊపిరి ఆపేదట ఆవిడ, ఆ సంగతి ఆవిడకే తెలియదు. రొసెండా పక్కనే నిలబడి ఉండటం వల్ల కనిపెట్టింది. తనూ ఊపిరి ఆపింది. ఆ రోజు నలభై రేకులొచ్చాయి, ముప్ఫై ఒకటి నిలిచాయి. అంపారో ఒక రేకుని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని, నా చెయ్యి ఇప్పుడిప్పుడే దారిలోకి వస్తోంది, అని ఒప్పుకుంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ రొసెండా తట్ట లేకపోయినా నెత్తిమీద ఏదో ఉన్నట్టే నిటారుగా నడిచింది.

మొదటి మంచి రేకులతో చుట్టిన లుంపియాలు ఆమె తిన్నగా పిలార్‌గారింటికి పట్టుకెళ్ళింది. అడక్కుండానే జరిగినదంతా చెప్పింది. ఆ రోజు బిళ్ళలు అతుక్కున్నది నేను చుట్టిన రేకు చిట్లడం వల్లేనమ్మా, మీ తప్పు కాదు, సలూద్‌గారి తప్పూ కాదు, అంది. పిలార్ ఆమెని వెంటబెట్టుకుని మరదలి ఇంటికి వెళ్ళి, అదే వరండాలో అదే మాట మళ్ళీ చెప్పించింది. సలూద్‌గారు లుంపియా తీసుకుని బిళ్ళల మీద ఎత్తి పట్టి గట్టిగా నొక్కి చూసింది. చుక్క కారలేదు. కూర్చో పిలార్, ముగ్గురితో ఆట సాగి చావడం లేదు, అంది. వదినకి క్షమాపణ అంటే అంతే, ఆ ఇంట్లో అంతకన్నా ఎక్కువ ఎవరూ చెప్పరు. అక్టోబరు నాటికి పోయిన అయిదిళ్ళూ తిరిగొచ్చాయి, ఇంకో రెండు కొత్తగా చేరాయి.

పిండి ముట్టుకున్న రోజునుంచి అలా ఎనిమిది నెలలు గడిచాయి. అంపారో కుర్చీలో కూర్చుని గుడ్డ ఉండ నొక్కుతూ ఉండేది, రొసెండా పెనం ముందు నిలబడేది. తిట్లు తగ్గి కబుర్లు పెరిగాయి. బడిపంతులు పేరు కూడా ఓ రోజు బయటికొచ్చింది.

ఏప్రిల్‌లో ఒక పొద్దున్న రొసెండా వచ్చేసరికి అంపారో కుర్చీలో లేదు. పెనం ముందు నిలబడి ఉంది. కుడి పిడికిట్లో పిండి ముద్ద ఉంది. అది కదులుతోంది. మెల్లగా, కొంచెం వంకరగా, కానీ కిందికి జారకుండా కదులుతోంది. ఆవిడ ఊపిరి ఆపి ముద్దని పెనానికి తాకించి లాగింది. మొదటి రేకు చిరిగింది. రెండోది సగమే వచ్చింది. మూడోది గుండ్రంగా వచ్చింది. ఒలిచి పళ్ళెంలో వేసి, వెనక్కి తిరిగి చూసింది. ఆవిడ కళ్ళు నిండిపోయాయి.

రొసెండా కూడా ఏడ్చింది. సంతోషమే. కానీ ఆ సంతోషం కింద గుండెల్లో రాయి పడింది. చెయ్యి తిరిగొచ్చింది. ఇక అరువు చేతితో ఈవిడకి పనేముంది? తెర మళ్ళీ పడుతుంది, తను మళ్ళీ బయటి భాగంలో మొవ్వు తరుగుతుంది. ఆవిడకి ఏమైనా అయిన రోజున రేకు ఆగిపోయి, మళ్ళీ ఒక్కో ఇల్లూ పోవడం మొదలు. ఆ చెయ్యి ఇంకొన్నాళ్ళు అలాగే ఉండిపోతే బావుండునన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చి పోయింది. వచ్చినందుకు రొసెండా సిగ్గుతో చచ్చిపోయింది. చేతులు కడుక్కుని, తెర బయటికి వచ్చి, మొవ్వు తరగడానికి కత్తిపీట ముందు కూర్చుంది.

"ఎక్కడికే?" అంది అంపారో.

"మీ చెయ్యి మీకొచ్చింది కదా తియా."

"వచ్చింది. అందుకే నీది నీకిచ్చేస్తున్నాను, తీసుకెళ్ళు." అంపారో వచ్చి ఆమె ఎదురుగా పీట మీద కూర్చుంది. "ఇన్నాళ్ళూ అది నాది గనక నా వంటింట్లోనే ఉండాల్సొచ్చింది. ఇవాళ్టినుంచి నీది. దానికేం వచ్చో ఏం రాదో నేను అడగను. నీ ఇంట్లో పెనం పెట్టుకుంటావో, ఎవర్ని పక్కన నిలబెట్టుకుంటావో, అది నీ ఇష్టం."

రొసెండా పలక మీదున్న ఫోటో వైపు చూపించి, మరి ఆంకోంగ్‌కి ఏం చెబుతారని అడిగింది.

"ఏం చెప్పాలి? నేనెవరికీ నేర్పలేదు. నేను అరువు తెచ్చుకున్నది తిరిగిచ్చేశాను. మా ఇంట్లో ఎవరి వస్తువు ఉంచేసుకునే అలవాటు లేదు, అది ఆయన పెట్టిన అలవాటే." అని, గొంతు తగ్గించి అంది. "నువ్వన్న మాట నా నెత్తిమీద ఎనిమిది నెలలు కూర్చుందే ఇండాయ్. ఆ పన్సిత్ మాట. అందరికీ నేర్పారు గనకే అది ఉంది. నేను దాచుకున్నది ఒక్క జబ్బుతో పోయేది."

ఆ సాయంత్రం రొసెండా ఇంట్లో పొయ్యి మీద కొత్త పెనం ఎక్కింది. అత్తగారు పీట వేసుకుని కూర్చుంది. పిల్లలిద్దరూ గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. తల్లి ఇరవై రెండేళ్ళు నెత్తిమీద మోసిన తిండి వాళ్ళు ఎప్పుడూ ముక్కలుగానే తిన్నారు. చిరిగినవి, తోక ఊడినవి, అమ్మకానికి పనికిరానివి. ఆ రోజు మొదటిసారి ఒక్కొక్కళ్ళ చేతిలో ఒక్కొక్కటి, నిండుగా, తోకతో సహా పెట్టింది. చిన్నది తినకుండా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ ఉండిపోయింది. అత్తగారు రెండు తిని మూడోదానికి చెయ్యి చాచింది, పెళ్ళి ఊసు మళ్ళీ ఎత్తలేదు.

పెద్దపిల్ల మరిబెల్‌కి పదిహేనేళ్ళు. తిండి మీద ధ్యాస లేదు దానికి, తల్లి పిడికిట్లో ఆగకుండా ఆడుతున్న ముద్దనే చూస్తోంది. కాసేపటికి దగ్గరికొచ్చి, నాక్కూడా నేర్పుతావా అమ్మా, అని అడిగింది.

ఆ ఎనిమిది నెలల్లో అంపారో వంటింట్లో అన్ని మాటలూ వినిపించాయి గానీ ఈ ఒక్క మాటకి అవునన్న జవాబు ఎవరి నోటినుంచీ రాలేదు. అంపారో నోటినుంచీ రాలేదు, అంతకుముందు ఆవిడ తాత నోటినుంచీ షరతు లేకుండా రాలేదు. రొసెండా పిండి ముద్దని గిన్నెలో పెట్టేసి, పొయ్యి ముందు కూతురికి చోటిచ్చింది.

"నేర్పుతాను. చెయ్యి తడుపుకుని రా."